ఫైర్ హోస్ ధార పూసల దండలా వస్తోందా?

ముందు ఒక చిన్న లెక్క. బ్లెండర్‌లో (3D యానిమేషన్ సాఫ్ట్‌వేర్) ఫైర్ హోస్ ధారకు ప్రెషర్ పెంచే బటన్ కోసం వెతక్కండి. మనం ఇచ్చేది వేగమే. నాజిల్ దగ్గర 7 బార్ ప్రెషర్ ఉంటే నీళ్లు సెకనుకు దాదాపు 37 మీటర్ల వేగంతో బయటికొస్తాయి. దాన్ని సెకనులో వచ్చే 24 ఫ్రేములకు (బొమ్మలకు) పంచితే ఫ్రేముకు ఒకటిన్నర మీటరు. కింద చెప్పే తిప్పల్లో చాలావరకు ఈ ఒకటిన్నర మీటరు దగ్గరే పుడతాయి.

ధార ముద్దలు ముద్దలుగా వచ్చి మధ్యలో ఖాళీలు కనిపిస్తున్నాయంటే, సోర్స్ (సీన్‌లో నీళ్లు పుట్టించే వస్తువు) మళ్లీ నీళ్లు వదిలేలోపు ముందు ముద్ద ఎక్కడికో వెళ్లిపోయిందన్నమాట. డొమైన్‌లో (నీళ్ల లెక్క జరిగే పెట్టె) టైమ్‌స్టెప్స్ (ఒక్కో ఫ్రేమును ఎన్ని ముక్కలుగా లెక్కించాలో చెప్పేది) మినిమమ్, మాక్సిమమ్ రెండూ 8కి పెంచండి. అప్పుడు స్టెప్పుకు 20 సెం.మీ. మాత్రమే కదులుతుంది. సోర్స్‌ను కూడా నాజిల్ లోపలికి 20 సెం.మీ. పొడవు సాగదీస్తే ఖాళీ మిగలదు. నాజిల్ అటూఇటూ ఊగే షాట్ అయితే సోర్స్‌లో శాంప్లింగ్ సబ్‌స్టెప్స్ (సోర్స్ కదలికను మధ్యమధ్యలో ఎన్నిసార్లు చూడాలో చెప్పేది) కూడా పెంచాలి.

నాజిల్ 25 మి.మీ.ఐతే ధార తాటిమానంత లావుగా వస్తోందా, లేక అసలు రావడమే లేదా? తప్పు రిజల్యూషన్‌ది, అంటే డొమైన్ పొడవును ఎన్ని గడులుగా కోస్తామన్నదానిది. 10 మీటర్ల డొమైన్‌కు 100 ఇస్తే ఒక్కో గడి 10 సెం.మీ. ఉంటుంది, నాజిల్ అందులో ఎక్కడో మూలన పడి ఉంటుంది. నాజిల్ అడ్డంగా నాలుగు గడులైనా పట్టాలంటే 1600 కావాలి. అంత పెట్టి బేక్ (సిమ్యులేషన్‌ను లెక్కకట్టి దాచే బటన్) నొక్కితే కంప్యూటర్ దండం పెట్టేస్తుంది. నా మాట వినండి, దూరం నుంచి తీసే షాట్‌కు ఫ్లూయిడ్ సిమ్యులేషన్ వదిలేసి మామూలు పార్టికల్స్ (విడివిడి రేణువులు) వాడండి. నాజిల్ దాటాక నీళ్లు ఎలాగూ చుక్కలైపోతాయి. క్లోజప్ అయితే మొదటి మీటరు వరకు చిన్న డొమైన్ చాలు.

పార్టికల్స్‌కు మారాక కొత్త తలనొప్పి: ధార గాజు కడ్డీలా బిగుసుకుపోయి, మరీ దూరం పోతుంది. గాలి అడ్డం లేకపోతే 45 డిగ్రీల కోణంలో 140 మీటర్లు వెళ్తుంది మరి! రెండు ఎమిటర్లు (పార్టికల్స్ వదిలే వస్తువులు) పెట్టండి: పెద్ద చుక్కలకు డ్రాగ్ (గాలి అడ్డం) కొంచెం, తుంపరకు బాగా ఎక్కువ. పదో వంతు మిల్లీమీటరు చుక్క నిశ్చలమైన గాలిలో సెకనుకు పావు మీటరు వేగంతోనే కిందికి దిగుతుంది, అందుకే తుంపర పొగలా వేలాడాలి. రెండింటికీ వేగంలో కొంత రాండమ్ కలపండి. పెరట్లో పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి ఒకసారి చూస్తే ఎంత కలపాలో తెలిసిపోతుంది.

నీళ్లు గోడలోంచి దూసుకుపోతే గోడ మందం, పార్టికల్స్ సబ్‌ఫ్రేమ్స్ (ఫ్రేముకు ఎన్నిసార్లు లెక్కించాలో చెప్పేది) పెంచండి.

రెండర్‌లో జెల్లీలా ఉంటే తుంపరకు మెష్ (చుక్కలన్నిటినీ కలిపి కప్పే ఉపరితలం) తీసేసి, చిన్న గోళాలుగా మోషన్ బ్లర్‌తో రెండర్ చేయండి.

ఫ్లూయిడ్‌లో ఏం మార్చినా తేడా కనిపించకపోతే, మీరు చూస్తున్నది పాత కాష్ (ముందు బేక్‌లో దాచిన ఫలితం). ఫ్రీ నొక్కి మళ్లీ బేక్ చేయండి.