అద్దె అగ్రిమెంటు రెన్యూవల్: స్టాంపు కాగితం మీది తేదీ చూసుకున్నారా?

మా అపార్ట్‌మెంట్‌లో 64 ఫ్లాట్లు. సగానికి పైగా అద్దెకే ఉన్నాయి. నేను అసోసియేషన్ సెక్రటరీ అయ్యాక మా గడప తొక్కిన పంచాయితీల్లో నీళ్ల ట్యాంకర్ల తర్వాత స్థానం అద్దె అగ్రిమెంట్లదే. ఆమధ్య మూడో అంతస్తు అమ్మాయి పాస్‌పోర్టు కేంద్రం నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. చేతిలో నోటరీ చేయించిన అగ్రిమెంటు ఉంది. "ఇది పనికిరాదన్నారు అంకుల్, మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకోమన్నారు" అంది. బయటికి రాగానే ఒకతను పలకరించి, నాలుగు వేలిస్తే పాత తేదీతో "రిజిస్టర్డ్" అగ్రిమెంటు సాయంత్రానికి ఇప్పిస్తానన్నాడట. డబ్బులు ఇవ్వలేదు కదా అని ముందు అదే అడిగాను. ఇవ్వలేదు. అందుకే ఇది తీరిగ్గా రాస్తున్నాను.

నేను చెప్పేది హైదరాబాద్‌లో, తెలంగాణలో జరిగే పద్ధతి. రిజిస్ట్రేషన్ చట్టం, ఆస్తి బదలాయింపు చట్టం కేంద్రానివి కాబట్టి వాటి సంగతులు ఆంధ్రాలో ఉన్నవాళ్లకూ పనికొస్తాయి.

మొదట ఒక మాట. రెన్యూవల్ అంటాం గానీ, డ్రైవింగ్ లైసెన్సులాగా పాతదాన్నే పొడిగించే ఫారం ఏదీ ఇందులో లేదు. గడువు తీరాక రాసుకునేది కొత్త అగ్రిమెంటే. పాతదాని చివరి పేజీలో "మరో 11 నెలలు పొడిగించడమైనది" అని పెన్నుతో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. ఆ రెండు లైన్లు కూడా చట్టం దృష్టిలో ఇంకో ఒప్పందమే, దానికీ స్టాంపు కావాలి. ఏ ఆఫీసు కౌంటర్లోనూ దాన్ని తీసుకోరు.

అలాగని గడువు దాటిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు. అగ్రిమెంటు అయిపోయాక కూడా మీరు అద్దె కడుతూ, ఓనర్ తీసుకుంటూ ఉంటే, ఆస్తి బదలాయింపు చట్టం 116వ సెక్షన్ ప్రకారం అద్దెదారుగానే ఉన్నట్టు లెక్క. వేరే ఒప్పందం లేకపోతే, ఉండటానికి తీసుకున్న ఇల్లు కాబట్టి అది నెలవారీ అద్దె అవుతుంది. ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. "అగ్రిమెంటు లేదు కదా, రేపు పొద్దున్నే సామాన్లు తీసెయ్" అనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ 15 రోజులు నిజంగా తక్కువే, అందుకే కాగితం ఉండటం మంచిది.

11 నెలలే ఎందుకు అని అడుగుతుంటారు. ఏడాదికి మించిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది తప్పించుకోవడానికి పుట్టిన అంకె 11. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణతో మన దగ్గర ఏ కాలపు లీజుకైనా, 11 నెలలదైనా సరే, రిజిస్ట్రేషన్ తప్పనిసరే.

మామూలు 11 నెలల అగ్రిమెంటు పని పెద్దదేం కాదు. గడువుకు నెల ముందే కూర్చుని అద్దె ఎంత పెంచేదీ తేల్చుకోండి. స్టాంపు కాగితం కొని, విషయం టైపు చేయించి, ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో పెట్టించండి. రెండు సెట్లు చేసుకుని తలొకటి ఉంచుకోండి. రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత చెబుతాను. జనం తట్టుకుని పడేది వీటి దగ్గర కాదు, ఆ మొదటి కాగితం దగ్గర.

లైసెన్సున్న వెండర్ అమ్మిన స్టాంపు కాగితం మీద చిన్న అక్షరాల్లో కొన్ని వివరాలుంటాయి. వరస నంబరు, అమ్మిన తేదీ, ఎవరికి అమ్మారు, ఎవరి కోసం, వెండర్ లైసెన్సు నంబరు, సంతకం. అగ్రిమెంటులో మీ పేరు, అద్దె అంకె నాలుగుసార్లు చదువుతారు గానీ ఈ లైన్లు ఎవరూ చూడరు. ఆఫీసులో మొదట చూసేది ఇవే.

తేదీ సంగతి. జూన్ 1తో పాత అగ్రిమెంటు అయిపోయింది. బద్ధకించి ఆగస్టు 20న స్టాంపు కొన్నారు. మధ్యలో ఖాళీ కనపడకూడదని "జూన్ 2వ తేదీన రాసుకున్న ఒప్పందం" అని టైపు చేయించారు. ఆగస్టులో కొన్న కాగితం మీద జూన్‌లో ఎలా రాశారు? ఈ ఒక్క ప్రశ్నతో కాగితం మొత్తం మీద అనుమానం వస్తుంది. అలాంటివి మా దగ్గరే ఇప్పటికి ఐదారు చూశాను, అన్నీ చదువుకున్నవాళ్లవే.

దీనికి దొంగదారి అక్కర్లేదు. రాసిన తేదీ వేరు, అద్దె కాలం మొదలైన తేదీ వేరు. సంతకం చేసిన రోజు ఆగస్టు 20 అయితే ఆ తేదీయే వేయండి. లోపల "పాత ఒప్పందం జూన్ 1తో ముగిసింది, జూన్ 2 నుంచి అద్దెదారు అదే ఇంట్లో కొనసాగుతున్నారు, ఈ 11 నెలల కాలం జూన్ 2 నుంచి లెక్క" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. మధ్యలో కట్టిన అద్దెలు యూపీఐలోనో బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో ఉంటాయి. అవే మీకు సాక్ష్యం.

పాత తేదీ స్టాంపులు తెచ్చిపెడతామనేవాళ్లు ఉన్నారు. స్టాంపు విలువ వంద, తేదీకి వెయ్యో రెండువేలో. వెండర్ దగ్గర రిజిస్టరు ఉంటుంది. ఏ తేదీన ఏ నంబరు ఎవరికి అమ్మాడో అందులో రాసి ఉండాలి. రేపు ఓనర్‌తో గొడవై విషయం కోర్టుకెళితే, ఆ రిజిస్టరు తెప్పించినప్పుడు సమాధానం చెప్పాల్సింది కింద సంతకం పెట్టిన మీరు. తెచ్చిపెట్టినవాడి ఫోను అప్పటికి స్విచాఫ్.

దీనికి వ్యతిరేకమైన భయం ఇంకొకటుంది. ఎప్పుడో కొని బీరువాలో పెట్టిన స్టాంపు కాగితానికి ఆరు నెలలు దాటితే కాలం చెల్లిందని. అది నిజం కాదు. ఆ ఆరు నెలల గడువు వాడని స్టాంపు వాపసు ఇచ్చి డబ్బు తీసుకోవడానికి మాత్రమే అని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. కాకపోతే కౌంటర్లో ఉన్నాయనకు తీర్పులు వినిపించే ఓపిక మీకుందా? కొత్తది కొనుక్కోవడం నయం.

పేరు కూడా చూడండి. కొన్నవారి పేరు దగ్గర ఓనర్‌దో మీదో ఉండాలి. ఏజెంటు తన పేరున కట్టగా కొన్న కాగితాల్లోంచి ఒకటి తీసిస్తే, ఈ మూడో మనిషి ఎవరని అడుగుతారు.

ఇక విలువ. వంద రూపాయల స్టాంపు అనేది మన అలవాటు, చట్టం కాదు. లీజు మీద స్టాంపు డ్యూటీ కాలాన్ని బట్టి, అద్దె మొత్తాన్ని బట్టి లెక్క కడతారు. నెలకు 30 వేల అద్దెంటే 11 నెలలకు మూడు లక్షల 30 వేలు, ఆ మొత్తానికి వంద సరిపోకపోవచ్చు. సరిపోని కాగితాన్ని కోర్టులో చూపించాల్సి వస్తే తక్కువైన డ్యూటీతో పాటు దానికి పది రెట్లు జరిమానా కట్టేదాకా సాక్ష్యంగా తీసుకోరు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో డ్యూటీ లెక్కగట్టే కాలిక్యులేటర్ ఉంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఈ ఖర్చు ఎవరిదని అగ్రిమెంటులో ఏమీ రాసుకోకపోతే, స్టాంపు చట్టం ప్రకారం అద్దెదారుదే. కాబట్టి సగం సగం అనుకుంటే ఆ మాట కాగితం మీద పెట్టండి.

నోటరీ ముద్ర పడగానే రిజిస్టర్ అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. నోటరీ చెప్పేది ఒకటే, ఈ సంతకాలు ఫలానావాళ్లు నా ఎదుట చేశారని. స్టాంపు తక్కువైతే ఆ ముద్ర పూడ్చదు, రిజిస్ట్రేషన్ లేకపోతే దాని బదులు నిలబడదు. ఎర్ర సీలు, పచ్చ స్టిక్కరు చూసి మోసపోకండి. ముందే సీళ్లు వేసి పెట్టుకున్న కాగితాలు అమ్మేచోట్లు కూడా ఉన్నాయి. ఎదురుగా సంతకం చేయించుకుని, తన రిజిస్టరులో ఎక్కించి, ఆ నంబరు కాగితం మీద వేసే నోటరీ దగ్గరికే వెళ్లండి.

మూడో అంతస్తు అమ్మాయి ఇబ్బంది ఇక్కడే వచ్చింది. పాస్‌పోర్టుకు చిరునామా రుజువుల జాబితాలో ఉన్నది రిజిస్టరైన అద్దె అగ్రిమెంటు. నోటరీది కాదు. "11 నెలలది రిజిస్టర్ చేయరమ్మా" అని ఎవరో చెప్పారట. చేస్తారు. పైన చెప్పినట్టు, మన దగ్గర ఏడాదికి మించని లీజునూ రిజిస్టర్ చేయించాల్సిందే. చట్టం చేయించుకోమన్నదాన్ని కుదరదన్నట్టు చెప్పి, కుదరనిదాన్ని కుదిరిస్తానని డబ్బు అడగడం ఈ వ్యాపారం.

రిజిస్ట్రేషన్ ఇల్లు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉందో అక్కడ. శాఖ వెబ్‌సైటులో వివరాలు నింపి, చలానా కట్టి, స్లాట్ తీసుకోవాలి. ఇద్దరి ఆధార్, పాన్, ఫొటోలు, ఇంటి పన్ను రసీదు, ఓనర్ సేల్ డీడ్ కాపీ, ఇద్దరు సాక్షులు. వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు కాబట్టి ఓనర్ రాకుండా పనవదు. సంతకాలు పెట్టిన నాలుగు నెలల్లోపు వెళ్లాలి, దాటితే జరిమానా. డాక్యుమెంట్ రైటర్‌ని పెట్టుకుంటే పెట్టుకోండి, తప్పేం లేదు. కానీ అతని ఫీజు వేరు, ప్రభుత్వానికి కట్టేది వేరు. చలానా చేతికి తీసుకుని అందులోని అంకె చూశాకే మిగతా లెక్క మాట్లాడండి. "లోపల ఇవ్వాలి" అనే పద్దుకు చలానా ఉండదు.

ఓనర్ అంటే ఎవరు? ఇల్లు అమ్మగారి పేరున ఉంటుంది, అద్దె అబ్బాయి ఖాతాలో పడుతుంది, సంతకం మామగారు పెడతారు. మన ఇళ్లలో ఇది మామూలే. కానీ ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో ఓనర్ పాన్ ఇవ్వాలి. అగ్రిమెంటు ఒకరిది, పాన్ ఇంకొకరిది, డబ్బు వెళ్లింది మరొకరికి అయితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. సేల్ డీడ్‌లో ఎవరి పేరుందో వాళ్లే సంతకం చేయాలి, లేదా తమ తరఫున సంతకం చేయొచ్చని వాళ్లు రాసిచ్చిన పవరాఫ్ అటార్నీ ఉన్నవాళ్లు చేయాలి.

ఓనర్ డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే ఆ పవరాఫ్ అటార్నీ గురించి ఇంకాస్త జాగ్రత్త. విదేశంలో సంతకం చేసి పంపిన కాగితానికి ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో. వాట్సాప్‌లో వచ్చిన స్కాన్ కాపీ దీనికి సరిపోదు. ఇంకో సంగతి, పన్ను లెక్కలో ప్రవాసి అయిన ఓనర్‌కు కట్టే అద్దె ఎంత చిన్నదైనా అందులోంచి టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టి ప్రభుత్వానికి జమ చేయాల్సిన బాధ్యత అద్దెదారుదే. నెలకు 50 వేలు దాటితేనే అనే లెక్క ఇక్కడున్న ఓనర్లకే. ఇది తెలియక నోటీసులు అందుకున్నవాళ్లు మా బ్లాకులోనే ఇద్దరున్నారు. ముందే ఒక ఆడిటర్‌ని అడగండి.

కొత్త అగ్రిమెంటులో అడ్వాన్స్ లైను వదిలేయడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. మొదట్లో 50 వేలు ఇచ్చారు, అది పాత కాగితంలో ఉంది. కొత్తదాంట్లో అద్దె మారుస్తారు, తేదీ మారుస్తారు, అడ్వాన్స్ ఊసే ఉండదు. మూడేళ్ల తర్వాత ఖాళీ చేసేటప్పుడు పాత కాగితం దొరకదు. "ఫలానా తేదీన ఇచ్చిన 50 వేల అడ్వాన్స్ ఓనర్ దగ్గరే ఉంది, అదే ఈ ఒప్పందానికీ కొనసాగుతుంది" అని ప్రతిసారీ రాయించండి. రంగులకెంత కోస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఫోన్లలో మెసేజీలు తిరుగుతుంటాయి. అది 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోని మాట. నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే అమల్లోకి వచ్చేది. దాన్ని పట్టుకుని ఓనర్‌తో పోట్లాటకు దిగకండి.

ఆధార్ జిరాక్సు అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ సైటులో దొరుకుతుంది.

ఆ అమ్మాయి పాస్‌పోర్టుకు నిజానికి అగ్రిమెంటే అక్కర్లేకపోయింది. చిరునామా రుజువుగా వాడుకలో ఉన్న ఖాతా తాలూకు ఫొటో పాస్‌బుక్ కూడా ఆ జాబితాలో ఉంది. బ్యాంకులో చిరునామా మార్పించి, ఫొటో అంటించిన పాస్‌బుక్ తీసుకుని రెండోసారి వెళ్తే పనైపోయింది. అయినా పట్టుబట్టి ఈసారి అగ్రిమెంటు రిజిస్టర్ చేయించుకుంది. ఓనర్ సెలవు పెట్టుకుని సణుగుతూ వచ్చాడు, వేలిముద్ర వేశాడు, వచ్చే ఏడాది అద్దె రెండు వేలు పెరుగుతుందని మెట్ల మీదే చెప్పి వెళ్లాడట.