చదువు కోసం చెన్నై వస్తున్న చిన్న కుటుంబాలకి

మా ఆవిడకి ఇక్కడ పీహెచ్‌డీ సీటు వచ్చేనాటికి పాపకి నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. గుంటూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆరేళ్ళు పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి మళ్ళీ విద్యార్థి అయింది. నేను కంపెనీలో అడిగి ఓఎంఆర్ (ఐటీ కంపెనీలుండే పాత మహాబలిపురం రోడ్డు) ఆఫీసుకి మార్పించుకున్నాను. ఇప్పటికి రెండేళ్ళు దాటింది. ప్రతి ఏడూ మే, జూన్ నెలల్లో తెలిసినవాళ్ళ తాలూకు ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, బడి సంగతేంటి, స్టైపెండ్ సరిపోతుందా అని అడుగుతూనే ఉన్నారు. ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరట్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఇల్లు. చదువుకునే మనిషి నడిచి వెళ్ళి నడిచి వచ్చేంత దూరంలో తీసుకోండి, ఉద్యోగం చేసే మనిషి ప్రయాణం చేస్తే చేయనివ్వండి. మేము దీన్ని తిరగేసి చేశాం. అద్దె ఆరు వేలు తక్కువని, నా ఆఫీసుకి కూడా దగ్గరని మేడవాక్కంలో దిగాం. ఆవిడకి రోజూ రానూపోనూ రెండు గంటలకి పైగా రోడ్డు మీదే పోయేది. ఉద్యోగానికైతే ఒక వేళ ఉంటుంది, సాయంత్రం ఆరుకి లేచి వచ్చేయొచ్చు. రీసెర్చ్ అలా కాదు, మధ్యాహ్నం మొదలుపెట్టిన ప్రయోగం రాత్రి తొమ్మిదికి గానీ తెమలదు, దాన్ని వదిలి రావడానికి ఉండదు. అదే పది నిమిషాల నడకలో ఇల్లుంటే ఆరున్నరకి వచ్చి, పాపకి అన్నం పెట్టి, పడుకోబెట్టి, తొమ్మిదికి మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళొచ్చు. నాలుగు నెలలు చూసి, సామాను మళ్ళీ లారీకెక్కించి తరమణి వచ్చేశాం. మిగిలిందనుకున్న అద్దె అంతా ఆ లారీకీ, కొత్త అడ్వాన్సుకీ పోయింది.

సర్దార్ పటేల్ రోడ్డు మీద అన్నా యూనివర్సిటీ, సీఎల్‌ఆర్‌ఐ (తోలు పరిశోధన సంస్థ), ఐఐటీ మద్రాస్ వరసగా ఉంటాయి, ఐఎంఎస్‌సీ (గణిత శాస్త్రాల పరిశోధన సంస్థ) తరమణిలో ఉంది. ఈ చుట్టుపక్కల కోట్టూర్‌పురం, అడయారు అద్దెలు స్టైపెండ్ మీద బతికేవాళ్ళకి అందేవి కావు. తరమణి, ఇందిరా నగర్, తిరువాన్మియూర్, వేళచ్చేరి చూడండి, ఈ నాలుగింటికీ బీచ్ స్టేషన్ నుంచి వచ్చే ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఉంది. వేళచ్చేరిలో మాత్రం ఇల్లు నచ్చగానే డబ్బు కట్టేయకండి. వీధి చివర కిరాణా కొట్టు ఆయన్ని, 2015 డిసెంబర్ వరదలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, 2023లో మిచాంగ్ తుపానుకి (మన బాపట్ల దగ్గర తీరం దాటిందే, అదే) ఎంతవరకు వచ్చాయి అని అడగండి, చెయ్యి పెట్టి గోడ మీద చూపిస్తారు. ఇక్కడ పెద్ద వానలు మనకిలా జులైలో కాదు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అంటే సరిగ్గా మొదటి సెమిస్టర్ పరీక్షల వేళకి. కింది వాటా వద్దు. సంపులోకి మెట్రో వాటర్ (ఊరి కుళాయి నీళ్ళు) వస్తుందా, బోరు నీళ్ళేనా, ఎండాకాలం లారీ నీళ్ళు తెప్పిస్తే ఆ ఖర్చు ఎవరిది అన్నది కూడా ముందే తేల్చుకోండి. 2019 వేసవిలో ఈ ఊరు నీళ్ళకి ఎంత అల్లాడిందో ఇక్కడివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు.

అడ్వాన్సు దగ్గర వాదించడానికి మొహమాటపడకండి. తమిళనాడులో 2019 నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప, డిపాజిట్ మూడు నెలల అద్దెకి మించకూడదు. కొందరు ఓనర్లు పాత అలవాటు కొద్దీ ఆరు నెలలు, పది నెలలు అంటారు. అడిగితే తగ్గుతారు, మాకు తగ్గించారు. కరెంటుని ఇక్కడ ఈబీ అంటారు, బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, అందులో ఇళ్ళకి మొదటి 100 యూనిట్లు ఉచితం. మీ వాటాకి విడిగా ఈబీ మీటర్ ఉందో లేదో కనుక్కోండి, ఓనర్ సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి ఇంత అని వసూలు చేస్తే ఆ ఉచితం మీదాకా రాదు.

పెళ్ళయినవాళ్ళకి క్యాంపస్‌లో క్వార్టర్స్ ఇస్తారటగా అని చాలామంది అడుగుతారు. కొన్నిచోట్ల ఉన్నాయి, కానీ తక్కువ. చేరిన రోజే దరఖాస్తు పెట్టండి, దాన్ని నమ్ముకుని మాత్రం బయట ఇల్లు చూడటం ఆపకండి.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. గేట్ రాసి ఎం.టెక్‌లో చేరితే నెలకి 12,400. దానితో సంసారం నడవదు, రెండోవాళ్ళ జీతం ఉండాలి, లేదా రెండేళ్ళకి సరిపడా దాచుకుని రావాలి. పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోషిప్) 42,000. హాస్టల్ గది తీసుకోకుండా బయట ఉంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కూడా ఉంటుంది, అడిగి కాగితాలు పెట్టుకోవాలి. అయితే ఈ డబ్బు ఒకటో తారీఖున జీతంలా పడుతుందని అనుకోవద్దు. మాకు ఫెలోషిప్ ఇచ్చే సంస్థ నుంచి మొదటి డబ్బులు నాలుగో నెలలో, అన్నీ కలిపి ఒకేసారి వచ్చాయి. ఈలోగా బడి ఫీజు కట్టాల్సి వచ్చి ఆవిడ గాజులు కుదువ పెట్టాం. ఆ రోజు ఆవిడ నాతో ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ వారమంతా ఉద్యోగం మానేసి తప్పు చేశానా అని తనలో తను నలిగిపోయింది. మీరు కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని రండి. నిజంగా చెప్తున్నా, ఆ డబ్బు మీ ఆవిడకో మీ ఆయనకో మనశ్శాంతిగా చదువుకునే వీలిస్తుంది.

బడి దగ్గరే అందరూ దెబ్బ తినేది. ఇక్కడ ఎల్‌కేజీ, యూకేజీ సీట్లు చాలా బడుల్లో సంక్రాంతి లోపే అయిపోతాయి, మన అడ్మిషన్ లెటర్ వచ్చేదేమో మే, జూన్‌లో. కాబట్టి ఇంటర్వ్యూకి వచ్చినప్పుడే, సీటు వస్తుందో రాదో తెలియకపోయినా, చుట్టుపక్కల రెండు మూడు చిన్న బడులకి వెళ్ళి మాట్లాడండి. మొదటి ఏడాది పేరున్న బడి కోసం పాకులాడొద్దు, ఇంటికి దగ్గరగా, ఆయాలు ఆప్యాయంగా ఉండేది చాలు. ఒకటో తరగతికి మాత్రం ఒక విషయం చాలామందికి తెలియదు. ఉన్నత విద్యాసంస్థల ఆవరణల్లో నడిచే కేంద్రీయ విద్యాలయాల్లో ఆ సంస్థ ఉద్యోగుల పిల్లలతో పాటు, అక్కడ దీర్ఘకాలం పరిశోధన చేసే విద్యార్థుల పిల్లలకి కూడా మొదటి వరసలో ప్రాధాన్యం ఉంటుంది. ఐఐటీ మద్రాస్ ఆవరణలో అలాంటి బడి ఉంది. బిడ్డకి మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలి, మీ విభాగం నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి. మిగతా బడుల్లో తమిళం నేర్చుకోక తప్పదు, 2006లో దానికి చట్టమే చేశారు. దీనికి టెన్షన్ పడేది పెద్దవాళ్ళే. మా పాప మూడు నెలల్లో పట్టేసింది. ఒకరోజు బడి నుంచి వచ్చి “నాన్నా, పసిక్కుదు” అంది. పసిపిల్ల గురించి ఏదో అంటోందనుకున్నాను, ఆకలేస్తోంది అని అర్థమట! ఇలాంటివి ఇంకా ఉన్నాయి. “అవసరం” అంటే వీళ్ళకి తొందర. ఓనరమ్మ “అవసరం ఇల్లై” అంటే మీతో అవసరం లేదని కాదు, తొందరేం లేదని. గోంగూర కావాలంటే పుళిచ్చకీరై అని అడగండి, కందిపప్పుకి తువరం పరుప్పు. ఆడవాళ్ళకి ఆర్డినరీ సిటీ బస్సుల్లో 2021 నుంచి టికెట్ లేదు.

ఇక ఇంటి లోపలి సంగతి.

అమ్మ ఊళ్ళో లేకపోతే పిల్లలు సర్దుకుంటారు. అమ్మ పక్క గదిలోనే ఉండి తలుపు తీయకపోతే సర్దుకోలేరు. మా ఇంట్లో చిన్న గదిని ఆవిడ చదువుకి వదిలేశాం. మొదటి నెలంతా పాప ఆ తలుపు దగ్గరే కూర్చుని గోళ్ళతో గీకుతుండేది. లోపల ఆవిడ చదవలేదు, బయటికి రాలేదు. నేను ఎత్తుకుని పార్కుకి తీసుకెళ్తే దారి పొడుగునా ఏడుపు. చివరికి మా అత్తయ్య, పాపకి కొనిచ్చిన పలక ఒకటి తలుపు గడియకి తగిలించి, “నువ్వెప్పుడొస్తావో దీని మీద చెప్పవే దానికి” అంది. పాపకి టైమ్ చూడటం రాదు. అందుకని ఆవిడ లోపలికి వెళ్ళేముందు పలక మీద గడియారం బొమ్మ గీసి, తను వచ్చే వేళకి రెండు ముళ్ళూ వేసేది. గోడ గడియారం ఆ బొమ్మలా అయ్యేదాకా అమ్మ రాదు, అలా అవగానే వస్తుంది. మొదటి రెండు రోజులూ పాప పది సార్లు లేచి లేచి చూసింది, తర్వాత ఆడుకోవడం మొదలుపెట్టింది.

దీనికి షరతు ఒక్కటే, గీసిన వేళకి తలుపు తీయాలి. ఒకసారి ఏడు అని గీసి ఏడుంబావుకి వచ్చింది. తలుపు తీసేసరికి పాప పలక ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది. ఏడవలేదు. పెద్ద ముల్లుని వేలితో తుడిచేసి మూడు దగ్గర తనే మళ్ళీ గీసింది. ఆవిడ అక్కడే నేల మీద కూలబడిపోయింది. అప్పటి నుంచి తనకి ఎంత పడుతుందో లెక్కేసుకుని, దానికి ఇంకో అరగంట కలిపి గీస్తుంది. ముందే వస్తే పాపకి పండగ. ల్యాబ్‌కి వెళ్ళే రోజుల్లో కూడా ఇదే, పలక గుమ్మం దగ్గరుంటుంది. మీ ఇంట్లో చదివేది నాన్నయినా ఇంతే, చదువు వేళ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో పిల్లలకి కళ్ళతో కనపడాలి.

ఇంట్లో ఉన్న రెండోవాళ్ళకి ఒక మాట. “చదువుకోవడమేగా, ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త ఆ గ్యాస్ అతను వస్తే చూడు” అనకండి. నేను అన్నాను, అందుకే చెప్తున్నా. ఆ గంట పోతే గంటతో పోదు, మళ్ళీ అందులో పడటానికి ఇంకో గంట కావాలి. పొద్దున వంట, బడికి దింపడం, జ్వరమొస్తే సెలవు పెట్టడం, వీటిలో ఏది ఎవరిదో నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసుకోండి, సెమిస్టర్ మారినప్పుడల్లా మార్చుకోండి. అలాగే వారానికి ఒక పూట మీది, ఎవరూ ఏమీ అడగకూడదు. నాకది శనివారం పొద్దున, ఇలియట్స్ బీచ్‌లో నడుస్తాను.

బంధువుల మాటలు వస్తాయి. కోడలు చదువుకుంటుంటే కొడుకు గిన్నెలు తోముతున్నాడట అని మా వైపు వాళ్ళు మా అమ్మ దగ్గర అన్నారు. నేను అమ్మని పది రోజులు ఇక్కడికి పిలిచి ఉంచుకున్నాను. రాత్రి పదకొండింటికి ఆవిడ పుస్తకం ముందు కునికిపాట్లు పడటం, మళ్ళీ లేచి మొహం కడుక్కుని కూర్చోవడం అమ్మ కళ్ళారా చూసింది. తర్వాత వాళ్ళకి అమ్మే సమాధానం చెప్పుకుంది.

అమ్మమ్మనో నాయనమ్మనో చేరిన కొత్తలోనే పిలిపించుకుని ఉంచేసుకుంటారు చాలామంది, తీరా అసలు కష్టం వచ్చేసరికి వాళ్ళకి ఓపిక అయిపోతుంది. అసలు కష్టం నవంబర్‌లో కోర్సు పరీక్షలప్పుడు, ఆ తర్వాత కాంప్రహెన్సివ్ వైవా (పీహెచ్‌డీలో కోర్సులయ్యాక పెట్టే మౌఖిక పరీక్ష) ముందు నెల. అకడమిక్ క్యాలెండర్ జులైలోనే చేతికొస్తుంది, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ తారీఖులు చూసుకుని విజయవాడ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చేయించేయండి. మొదటి సెమిస్టర్ మార్కులు చూసి మాత్రం మానేద్దామని నిర్ణయం తీసుకోకండి. పదేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్ష రాసిన చెయ్యి అది, మా ఆవిడకి మొదటిసారి ఒక కోర్సులో అత్తెసరు గ్రేడే వచ్చింది, రెండో సెమిస్టర్‌కి దారిలో పడింది. ఇంకో బిడ్డ గురించి ఆలోచిస్తున్నవాళ్ళు కూడా భయపడక్కర్లేదు. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీ చేసే ఆడవాళ్ళకి 240 రోజుల దాకా ప్రసూతి సెలవు, గడువులో రెండేళ్ళు అదనం ఉన్నాయి. ఐఐటీలకి వాటి సొంత ఆర్డినెన్స్ (నిబంధనల పత్రం) ఉంటుంది, అది తెచ్చుకుని చదవండి.

ఆదివారాలకి ఒక చోటు చెప్తాను. కోట్టూర్‌పురంలో అన్నా శతాబ్ది గ్రంథాలయం, 2010లో కట్టింది, తొమ్మిది అంతస్తులు. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే హాలు ఉంది, పిల్లలకి విడిగా విభాగం ఉంది. ఆవిడ తన హాల్లో, నేను పాపతో పిల్లల విభాగంలో, ఒంటిగంటకి అందరం కిందకి దిగి వెంట తెచ్చుకున్న పెరుగన్నం తింటాం. పలక అక్కడికి కూడా వస్తుంది, మా పాప సంచిలో. ఇప్పుడు దాని మీద ముళ్ళు తనే గీసి అమ్మ చేతికిస్తుంది.