విశాఖ నుంచి ఒక స్కేటింగ్ సీజన్: పురుషుల ఫిగర్ స్కేటింగ్‌ను ఆద్యంతం అనుసరించే విధానం

విశాఖలో పుట్టి పెరిగినవారికి ఐసు అంటే చేపల రేవులో ట్రేల మీద పారతో పోసే ముక్కలే గాని, దాని మీద ఒక మనిషి గాలిలోకి లేచి నాలుగు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగుతాడన్న సంగతి టీవీలో చూసినప్పుడు తప్ప గుర్తుకు రాదు. అయినా స్కేటింగ్ ఈ ఊరికి పరాయిది కాదు. శివాజీ పార్కు రింకులో సాయంత్రం పూట చక్రాల స్కేట్లు కట్టుకుని తిరిగే పిల్లలను గట్టు మీద కూర్చుని గమనించినవారికి, శరీర భారాన్ని పాదం లోపలి అంచుకు, బయటి అంచుకు మార్చడమే ఈ విద్యకు మూలమని సులువుగా అర్థమవుతుంది. చక్రాల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగులోనూ యాక్సెల్, సాల్కౌ, లట్జ్ అనే జంపుల పేర్లే వాడుకలో ఉన్నాయి. కనుక ఒలింపిక్స్ వచ్చినప్పుడు రెండు రాత్రులు చూసి వదిలేయకుండా, పురుషుల విభాగాన్ని ఏడాది పొడవునా అనుసరించాలనుకునే వారికి ఉపయోగపడే నా పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట సీజన్ ఆకారం తెలియాలి. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ లెక్కలో సీజన్ జూలై 1న మొదలై మరుసటి జూన్ 30న ముగుస్తుంది. అయితే మనం చూడవలసినదంతా సెప్టెంబరు నుంచి మార్చి లోపలే జరుగుతుంది. ప్రతి స్కేటరు సాధారణంగా ఆ ఏటికి రెండు ప్రోగ్రాములు సిద్ధం చేసుకుంటాడు. మొదటిది రెండు నిమిషాల నలభై సెకన్ల షార్ట్ ప్రోగ్రాం, రెండవది నాలుగు నిమిషాల ఫ్రీ స్కేట్. ఆ రెండింటినే సెప్టెంబరులో తడబడుతూ, నవంబరులో మరమ్మతు చేసుకుంటూ, మార్చిలో గట్టిపరచుకుని ప్రదర్శిస్తాడు. కొత్తగా చూసేవారు ప్రతి పోటీని విడి మ్యాచ్‌లాగా చూసి ఎవరు గెలిచారని మాత్రమే అడుగుతారు. నా దృష్టిలో అసలు రుచి, ఒకే ప్రోగ్రాం ఆరేడు నెలల్లో ఎలా మారిందో చూడడంలో ఉంది.

అందుకే అందరినీ చూడాలనే ఆశ మొదటి ఏడాది వదులుకోవాలి. నలుగురిని ఎంచుకుంటే చాలు, కాని నలుగురూ నాలుగు రకాల వారై ఉండాలి. అమెరికాకు చెందిన ఇలియా మాలినిన్ జంపుల బలం చూడడానికి తగినవాడు. 2022 సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో, పోటీలో క్వాడ్ యాక్సెల్‌ను, అంటే నాలుగున్నర చుట్ల జంపును, తొలిసారి పూర్తిగా దించినవాడు అతనే. జపాన్‌కు చెందిన యుమా కగియామా మోకాళ్ల మెత్తదనం, అంచుల లోతు చూడదగినవి. అతని తండ్రి కూడా ఒలింపిక్స్‌లో స్కేటు చేసినవాడే, ఇప్పుడు కొడుకుకు కోచ్. కజకిస్తాన్‌కు చెందిన మిఖాయిల్ షైదొరోవ్ ఇతరులు తలపెట్టని జంపుల కలయికలు చేస్తాడు. ఇక నాలుగో పేరు క్వాడ్‌ల (నాలుగు చుట్ల జంపుల) మీద ఆధారపడని వారిదైతే కన్ను సమతూకంలో ఉంటుంది. 2023, 2024 ప్రపంచ పోటీలలో అయిదో స్థానం పొందిన అమెరికన్ జేసన్ బ్రౌన్ అటువంటివాడు. ఈ నలుగురిలో ఎవరు రిటైరైనా, గాయపడినా అదే కోవకు చెందిన మరొకరిని చేర్చుకోవచ్చు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జూనియర్ గ్రాండ్ ప్రీ పోటీలు, చాలెంజర్ సిరీస్ పోటీలు జరుగుతాయి. జూనియర్లను యూనియన్ వారు తమ యూట్యూబ్ చానెల్‌లో ఉచితంగా ప్రసారం చేస్తారు కనుక చేతికి అలవాటు చేసుకోవడానికి అవి మంచివి. చాలెంజర్ పోటీలలో, ముఖ్యంగా జర్మనీలోని ఓబర్‌స్ట్‌డార్ఫ్‌లో జరిగే నెబెల్‌హార్న్ ట్రోఫీలో, పెద్దవారు కొత్త ప్రోగ్రాములను తొలిసారిగా బయటపెడుతుంటారు. అక్కడి ఫలితాన్ని పట్టించుకోనక్కరలేదు, పడిపోవడాలను అసలే పట్టించుకోనక్కరలేదు. జంపుల వరుస మాత్రం రాసిపెట్టుకోవాలి.

అక్టోబరు నుంచి గ్రాండ్ ప్రీ. ఇది ఆరు పోటీల వరుస. ఇటీవలి సీజన్లలో ఇది అమెరికా, కెనడా, ఫ్రాన్స్, జపాన్, చైనా, ఫిన్లాండ్‌లలో జరుగుతోంది. ఒక్కొక్కరికి రెండు పోటీలకు మించి అవకాశం ఉండదు. మొదటి స్థానానికి 15 పాయింట్లు, రెండవ స్థానానికి 13, తరువాత 11, 9, 7, 5, 4, 3 చొప్పున ఎనిమిదో స్థానం వరకు ఇస్తారు. రెండు పోటీల పాయింట్లు కలిపి మొదటి ఆరుగురిని డిసెంబరులో జరిగే ఫైనల్‌కు తీసుకుంటారు. ఒక గెలుపు, ఒక మూడో స్థానం అంటే 26 పాయింట్లు, రెండు రెండో స్థానాలన్నా 26 పాయింట్లే. ఈ లెక్కను కాగితం మీద వేసుకుంటూ చూస్తే ఆరో వారంలో నాలుగో స్థానానికి జరిగే పోరు కూడా ఉత్కంఠగా ఉంటుంది.

ఇక మన గడియారం సంగతి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంది కనుక అక్కడ సాయంత్రం ఏడింటికి మొదలయ్యే పోటీ మనకు మధ్యాహ్నం మూడున్నరకే వస్తుంది. చైనా రెండున్నర గంటలు ముందు. ఫ్రాన్స్‌లో రాత్రి ఎనిమిది అంటే మనకు అక్టోబరులో పదకొండున్నర. అక్టోబరు చివరి ఆదివారం ఐరోపా గడియారాలు గంట వెనక్కి జరిగాక అది పన్నెండున్నర అవుతుంది. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిది మనకు మరునాడు తెల్లవారుజామున అయిదున్నర. నవంబరు మొదటి ఆదివారం తరువాత అదే ఆరున్నర. ఈ చివరి మార్పును మరచి నేను ఒక ఏడాది అయిదున్నరకే అలారం పెట్టుకుని లేచి, తెరపై ఖాళీ రింకును చూస్తూ గంట గడిపాను. పాలవాడు వచ్చి, రెండో కాఫీ కూడా అయిపోయాక గాని మొదటి స్కేటరు మంచు మీదికి రాలేదు. కనుక టైంటేబుల్ దొరికిన రోజునే స్థానిక సమయం, మన సమయం, మన తేదీ మూడూ పక్కపక్కన రాసుకోవాలి. తేదీ తప్పు పడడం గంట తప్పు పడడంకన్నా మామూలు. పెద్దల పోటీల ప్రసార హక్కులు దేశాన్ని బట్టి, సీజన్‌ను బట్టి మారుతాయి కాబట్టి, మన దేశంలో ఎక్కడ చూడవచ్చో యూనియన్ వెబ్‌సైటులో సెప్టెంబరులోనే చూసి పెట్టుకోవడం మేలు. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాను నెలలు కూడా. కరెంటు, నెట్ పోయిన రాత్రికి ప్రత్యామ్నాయం ఒకటే. మరునాడు ముందుగా ఫలితం చూడకుండా రీప్లే వెతుక్కోవాలి. దానికి స్కేటింగ్ యాప్‌ల నోటిఫికేషన్లను ముందే ఆపేసి ఉంచాలి.

చూడడం మొదలుపెట్టాక, జంపు పేరు చెప్పగలగడం తొలి మెట్టు. ముందుకు చూస్తూ లేచేది ఒక్క యాక్సెల్ మాత్రమే. అందుకే దానికి అర చుట్టు అదనం, క్వాడ్ యాక్సెల్ అంటే నాలుగున్నర చుట్లు. మిగిలిన అయిదూ వెనక్కి జారుతూ లేచేవి. వాటిలో బ్లేడు ముందున్న పళ్లను మంచులో గుచ్చి లేచేవి టో లూప్, ఫ్లిప్, లట్జ్. గుచ్చకుండా అంచు మీదనే లేచేవి సాల్కౌ, లూప్. ఫ్లిప్‌కు, లట్జ్‌కు తేడా పట్టుకోవడానికే నాకు రెండు సీజన్లు పట్టింది. లేచే ముందు ఎడమ పాదం లోపలికి వాలితే ఫ్లిప్, బయటికి వాలితే లట్జ్. కుడివైపుకు తిరిగేవారిలో ఎడమకు బదులు కుడి పాదం చూడాలి. చివరి క్షణంలో అంచు మారిపోతే మార్కుల పత్రంలో దాని పక్కన గుర్తు పడుతుంది.

ఆ మార్కుల పత్రమే ఈ వ్యవహారమంతటికీ తాళంచెవి. పోటీ ముగిసిన కాసేపటికి ప్రతి స్కేటరు మార్కులనూ విడివిడిగా చూపుతూ దీన్ని విడుదల చేస్తారు. కామెంటరీ పదిసార్లు వినడంకన్నా దీన్ని ఒకసారి చదవడం ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. ప్రతి జంపుకూ ఒక మూల విలువ ఉంటుంది. 2025–26 సీజన్ వరకు నేను రాసుకున్న పట్టికలో ట్రిపుల్ (మూడు చుట్ల) లట్జ్‌కు 5.90, ట్రిపుల్ యాక్సెల్‌కు 8.00, క్వాడ్ టో లూప్‌కు 9.50, క్వాడ్ సాల్కౌకు 9.70, క్వాడ్ లట్జ్‌కు 11.50, క్వాడ్ యాక్సెల్‌కు 12.50 ఉన్నాయి. తొమ్మిది మంది జడ్జిలు ఒక్కొక్కరు −5 నుంచి +5 వరకు నాణ్యత మార్కు వేస్తారు. అందులో ఎక్కువ, తక్కువ చెరొకటి తీసివేసి మిగిలినవాటి సగటు కడతారు. ఒక్కో మెట్టుకు మూల విలువలో పది శాతం కలుస్తుంది, లేదా పోతుంది.

క్వాడ్ లట్జ్ ఒక్కదాన్నే తీసుకుని లెక్క వేసి చూద్దాం. చక్కగా దిగి సగటున +3 వస్తే 11.50కి 3.45 కలిసి 14.95 అవుతుంది. నాలుగు చుట్లూ పూర్తి చేసి, దిగుతూ పడిపోతే −5 కింద సగం పోయి 5.75 మిగులుతుంది. పడినందుకు విడిగా ఇంకో మార్కు కోత పడి 4.75 అవుతుంది. చుట్టు పావుకు మించి తక్కువైతే మూల విలువ ఎనభై శాతానికి, అంటే 9.20కి దిగుతుంది. దాని మీద కూడా పడితే చివరకు 3.60. సగం చుట్టు లేదా అంతకంటే ఎక్కువ తక్కువైతే దాన్ని ట్రిపుల్‌గానే లెక్కిస్తారు. అప్పుడూ పడితే మిగిలేది 1.95. అదే స్కేటరు ఆశ తగ్గించుకుని ట్రిపుల్ లట్జ్‌ను +3తో దించి ఉంటే 7.67 వచ్చేది. టీవీలో ఈ మూడు పడిపోవడాలూ మనకు ఒకేలా కనిపిస్తాయి, పత్రంలో మాత్రం వాటి మధ్య దూరం చాలా ఉంది. పడిపోవడంకన్నా ఘోరమైనది గాలిలోనే విచ్చుకుపోవడం. చుట్లు పూర్తిగా తిరిగి పడిపోయిన క్వాడ్ యాక్సెల్‌కు కోతలన్నీ పోను 5.25 దక్కుతుంది. చేతులు ముందే తెరుచుకుని అది సింగిల్ యాక్సెల్‌గా మారితే దాని మూల విలువ 1.10 మాత్రమే. చూసేవారికి మాత్రం పడిపోయినవాడి మీదే జాలి కలుగుతుంది.

కలయికలలో విలువలు కూడతాయి. షైదొరోవ్ ప్రసిద్ధి పొందిన కలయికలో ట్రిపుల్ యాక్సెల్, దానిని కలిపే చిన్న జంపు ఆయిలర్, వెంటనే క్వాడ్ సాల్కౌ ఉంటాయి. 8.00, 0.50, 9.70 కలిసి ఒక్క దెబ్బకు 18.20. షార్ట్‌లో చివరి జంపుకు, ఫ్రీలో చివరి మూడు జంపులకు, అవి ప్రోగ్రాం రెండో సగంలో ఉంటే, పది శాతం అదనం కలుస్తుంది. కనుక అలసిపోయిన కాళ్ల మీద ఎవరు ఏ జంపు దాచుకున్నారో గమనించాలి. ఫ్రీ స్కేట్‌లో ఒకే రకం క్వాడ్‌ను మళ్లీ చేసే వీలు ఒక్కసారే ఉంటుంది. ఈ నియమం తెలిస్తేనే 2025 డిసెంబరులో నగోయాలో జరిగిన గ్రాండ్ ప్రీ ఫైనల్‌లో మాలినిన్ చేసిన పని ఎంతటిదో అర్థమవుతుంది. ఆరు రకాల క్వాడ్‌లూ చేసి, ఒకదాన్ని మళ్లీ చేసి, మొత్తం ఏడు దించాడు. ఫ్రీకి వచ్చిన 238.24 అప్పటికి ప్రపంచ రికార్డు.

జంపులు కాక కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే మూడు అంశాలకు పదేసి మార్కులు ఉంటాయి. పురుషులకు వాటిని షార్ట్‌లో 1.67తో, ఫ్రీలో 3.33తో హెచ్చిస్తారు. వీటిని గురించి నేను చెప్పగలిగింది తక్కువ. శబ్దం ఆపేసి ఒకసారి, బొమ్మ చూడకుండా సంగీతం మాత్రమే ఒకసారి విని, తరువాత రెండూ కలిపి చూస్తే ఎవరు సంగీతం మీద స్కేటు చేస్తున్నారో, ఎవరు సంగీతం పక్కన చేస్తున్నారో తెలిసిపోతుంది.

నోటుబుక్కులో ఒక్కొక్కరికి రెండు పేజీలు కేటాయించి, ఎడమ పేజీలో షార్ట్, కుడి పేజీలో ఫ్రీ రాసుకోవాలి. నిలువు గడులు పోటీలకు, అడ్డ గడులు జంపులకు. దిగితే టిక్కు, పడితే సున్న, విచ్చుకుంటే గీత. నవంబరు చివరికి ఆ పేజీయే మాట్లాడుతుంది. మూడు పోటీలలోనూ ఒకే జంపు దగ్గర సున్న పడితే, నాలుగో పోటీలో కోచ్ దాన్ని మారుస్తాడా లేదా అని మనమూ ఎదురుచూస్తాం.

డిసెంబరు చివర జపాన్ జాతీయ పోటీలు, జనవరిలో అమెరికా జాతీయ పోటీలు, యూరోపియన్ చాంపియన్‌షిప్, ఆ ప్రాంతంలోనే ఆసియా, అమెరికా, ఆఫ్రికా, ఓషియానియాల వారికి ఫోర్ కాంటినెంట్స్, ఆ పైన మార్చిలో ప్రపంచ పోటీలు. జపాన్ జాతీయ పోటీలను వదలవద్దు, జట్టులో చోటు కోసం అక్కడ జరిగే పోరు కొన్ని ఏళ్లు ప్రపంచ పోటీలకు ఏమాత్రం తీసిపోదు. ప్రపంచ పోటీలలో షార్ట్ తరువాత 24 మంది మాత్రమే ఫ్రీకి వెళతారు. అందులో షార్ట్‌లో వెనుకబడినవారు ముందుగా స్కేటు చేస్తారు. నిద్ర మిగుల్చుకోవడానికి చివరి ఆరుగురినే చూద్దామనుకోవడం సహజమే. 2024 మాంట్రియల్ పోటీలప్పుడు నేనూ అలాగే చేసి నష్టపోయాను. షార్ట్‌లో 77.49తో 19వ స్థానంలో పడిపోయిన ఫ్రాన్స్ స్కేటరు ఆడం సియావ్ హిం ఫా, చివరి గుంపు రాకకు చాలా ముందే వచ్చి, ఫ్రీలో 206.90 సాధించి కాంస్యం పట్టుకుపోయాడు. అప్పటికి నిషిద్ధమైన బ్యాక్‌ఫ్లిప్‌ను (వెనక్కి వేసే పల్టీని) కోత పడుతుందని తెలిసీ మధ్యలో చేశాడు. మరుసటి సీజన్ నుంచి ఆ నిషేధాన్ని ఎత్తివేశారు.

2026 ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్ పేజీని నేను ఇప్పటికీ తిరగేస్తుంటాను. షార్ట్‌లో 108.16తో ముందున్న మాలినిన్, ఫ్రీలో యాక్సెల్ విచ్చుకుపోయి, తరువాత పడిపోతూ, మొత్తం 264.49తో ఎనిమిదో స్థానానికి జారాడు. షార్ట్‌లో 92.94 మాత్రమే వచ్చిన షైదొరోవ్ ఫ్రీలో 198.64 చేసి 291.58తో స్వర్ణం గెలిచాడు. కగియామాకు రజతం, షున్ సాతోకు కాంస్యం. మాలినిన్, షైదొరోవ్‌ల పత్రాలను పక్కపక్కన పెట్టుకుని వరుసవరుసగా చదివితే, పదిహేను మార్కుల ఆధిక్యం ఏ జంపు దగ్గర కరిగిందో వేలుపెట్టి చూపించవచ్చు.

మార్చి తరువాత ప్రదర్శనలే తప్ప చెప్పుకోదగిన పోటీలు దాదాపు ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో పాత రీప్లేలు చూస్తూ ఖాళీగా మిగిలిన గడులు నింపుకోవచ్చు. గ్రాండ్ ప్రీలో ఎవరికి ఏ రెండు పోటీలు దక్కాయన్న జాబితా సాధారణంగా జూన్‌లో వస్తుంది. అది వచ్చిన రోజున కొత్త పేజీ తెరిచి, నలుగురి పేర్లు రాసి, పోటీల పక్కన మన తేదీలు వేసుకోవాలి. అమెరికా పోటీ నవంబరులో పడిందేమో మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.