మాత్ర ఆపి కషాయం మొదలుపెట్టొద్దు: కార్తీకానికి ముందు జాగ్రత్తలు

ఆ సందేశం ఫోన్లలో మళ్లీ తిరుగుతోంది. నిమ్మరసం, అల్లం రసం, వెల్లుల్లి రసం, యాపిల్ సైడర్ వెనిగర్ ఒక్కో కప్పు తీసుకుని, సన్నసెగ మీద అరగంట మరిగించి, మూడు కప్పులకు దిగాక మూడు కప్పుల తేనె కలిపి, రోజూ పరగడుపున ఒక పెద్ద చెంచాడు తాగితే గుండె బ్లాకులన్నీ కరిగిపోతాయట. దాన్ని నమ్మి మాత్రలు పక్కన పెట్టి, మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కినవాళ్ల కబుర్లూ వింటూనే ఉన్నాం. కార్తీకంలో దీనికి ఉపవాసాలు, తెల్లవారుజాము స్నానాలు, దీక్షలు తోడవుతాయి. ఇంట్లో షుగరు, బీపీ, గుండె మందులు వాడేవారు ఉంటే ఇది ఇప్పుడే చదివించండి.

తీపి తగ్గించమని, నడవమని మళ్లీ చెప్పక్కర్లేదు, అది అందరికీ తెలుసు. చెప్పాల్సింది ఒకటే. మాత్ర ఆపి కషాయం మొదలుపెట్టొద్దు.

బ్లాకుల కషాయం

ముందు అందులో ఏముందో చూడండి. సగం తేనె. పెద్ద చెంచాడు కషాయంలో సుమారు 10 గ్రాముల తేనె ఉంటుంది, అంటే దాదాపు 8 గ్రాముల చక్కెర. షుగరు ఉన్న మనిషి దీన్ని పరగడుపున ఔషధమనుకుని తాగుతున్నాడు. మిగతా సగం పులుపు, ఘాటు. ఆస్పిరిన్ వాడేవారికి కడుపులో మంట, పుండు ఇంకా పెరగొచ్చు.

బ్లాకు అంటే గొట్టంలో పట్టిన పాచి కాదు, పుల్లటి రసం తగలగానే ఊడిపోవడానికి. రక్తనాళం గోడ లోపలే కొవ్వు, కాల్షియం, పీచులాంటి కణజాలం ఏళ్ల తరబడి పేరుకుంటే అది బ్లాకు అవుతుంది. రక్తకణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చేసే గుణం వెల్లుల్లికి కొంచెం ఉన్న మాట నిజమే. కూరలో, చారులో, పచ్చడిలో నిక్షేపంగా తినండి. కానీ ఆ కొంచెం గుణం, రక్తం గడ్డకట్టకుండా డాక్టర్లు రాసే క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ చేసే పని చెయ్యలేదు.

స్టెంటు లోహపు జాలీ. దాని మీద రక్తనాళపు పొర పూర్తిగా పెరిగేదాకా రక్తం అక్కడ గడ్డకట్టాలనే చూస్తుంది. అందుకే గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవారికి మామూలుగా ఏడాదిపాటు గడ్డకట్టనివ్వని మాత్రలు రెండు రకాలు, ఆ తర్వాత కూడా ఒకటి రాస్తారు. క్లోపిడోగ్రెల్ ఆపితే దాని ప్రభావం అయిదు నుంచి ఏడు రోజుల్లో పోతుంది. అప్పుడు స్టెంటులో గడ్డకడితే వచ్చేది చిన్న నొప్పి కాదు, పెద్ద గుండెపోటు.

అసలు మోసం ఎక్కడుందంటే, ఆపిన మర్నాడు ఏమీ కాదు. మూడో రోజూ ఏమీ కాదు. పైగా చర్మం మీద నీలపు మచ్చలు తగ్గి, ఒళ్లు తేలికైనట్టు ఉంటుంది. కషాయం పనిచేస్తోందనుకుని ఇంకో నలుగురికి ఆ సందేశం పంపుతారు.

షుగరు మాత్రల విషయంలోనూ ఇదే తప్పు. మాత్ర వేసుకుంటూనే నేరేడు గింజల పొడి మొదలుపెడతారు, పరగడుపున 110 వస్తుంది, పొడి గుణమేనని మాత్ర మానేస్తారు. ఆ 110 వెనక ఉన్నది చాలావరకు మాత్రే. మానేశాక షుగరు 200 దాటినా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. తెలిసేసరికి కాలి పుండు మానదు, లేదా చూపు మసకబారుతుంది. చిన్న వయసులోనే షుగరు వచ్చి ఇన్సులిన్ మీదే బతికేవారికి ఇంత గడువు కూడా ఉండదు. ఇన్సులిన్ ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో కీటోన్లనే ఆమ్ల పదార్థాలు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

పొడి పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలంటే మందులు యథాతథంగా ఉంచి మూడు నెలల తర్వాత, ఆ మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. అది తగ్గితే మాత్ర తగ్గించే పని డాక్టరుది.

ఉపవాసం రోజు

సొంతంగా ఆపడం వేరు, ఉపవాసం కోసం డాక్టరు మోతాదు మార్చడం వేరు. ఈ రెండోది తప్పనిసరి. కార్తీకం మొదలవడానికి పది రోజుల ముందే వెళ్లి, ఏయే రోజుల్లో నక్షత్ర దర్శనం దాకా ఉంటారో చెప్పండి.

మీ చీటీలో గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ ఉన్నాయేమో చూసుకోండి. తిండి లేనప్పుడు కూడా ఇవి షుగరును దించుతూనే ఉంటాయి. వీటి మీద పరగడుపున కాకర రసమో పొడపత్రి కషాయమో పడితే మధ్యాహ్నానికే చెమటలు, వణుకు, మాట తడబాటు మొదలవొచ్చు. ఉపవాసం రోజు రసాలూ కషాయాలూ వద్దు. చీటీలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటే నీళ్లు కూడా ముట్టని ఉపవాసం చెయ్యనే కూడదు. ఒంట్లో నీరు తగ్గి, షుగరు మామూలుగా కనిపిస్తున్నప్పుడే కీటోన్లు పెరగొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస వస్తే మీటరులో అంకె బాగుందని ఊరుకోవద్దు.

షుగరు 70 కన్నా తగ్గితే ఉపవాసం అక్కడితో ముగిసింది. మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోండి. వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన మాత్ర వాడుతుంటే మాత్రం చక్కెర పనికిరాదు. అది పేగులో విడివడకుండా ఆ మందే అడ్డుకుంటుంది. వీళ్లు గ్లూకోజ్ పొడి జేబులో పెట్టుకోవాలి. పొడపత్రి నమిలినవారికి కొంతసేపు తీపి తెలియదు, చక్కెర ఇసుకలా ఉంటుంది. రుచి తెలియలేదని ఉమ్మేయొద్దు.

నక్షత్రం చూశాక ఆకలి మీద సగ్గుబియ్యం పాయసంతో మొదలుపెట్టకండి. సగ్గుబియ్యం దాదాపు అంతా పిండి పదార్థమే. ముందు మజ్జిగ, పప్పు, కూర, ఆ తర్వాత కొద్దిగా అన్నం.

వంటింట్లోవి, పెరట్లోవి

మెంతులకు మంచి ఆధారం ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ షుగరు ఉన్నవారికి మెంతులు ఇచ్చి పరిశోధనలు చేసింది. వాటిలోని జిగురు పీచు అన్నంలోని పిండిని నెమ్మదిగా అరిగేలా చేస్తుంది. రోజుకు ఒక చిన్న చెంచాడుతో, రాత్రి నానబెట్టి, మొదలుపెట్టండి. ఒకేసారి గుప్పెడు మింగితే కడుపుబ్బరం, విరేచనాలు. ఆ జిగురే మందులనూ ఆలస్యం చేస్తుంది, కాబట్టి థైరాయిడ్ మాత్రకూ మెంతులకూ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులు పొడి రూపంలో వాడకూడదు.

దాల్చినచెక్కలో రెండు రకాలున్నాయి. బజారులో ఎక్కువగా దొరికే మందపాటి, గట్టి బెరడు కాసియా. దీనిలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ చెంచాలకొద్దీ తింటే కాలేయానికి చేటు. పలచటి పొరలు చుట్టలు చుట్టుకుని, వేళ్లతో నలిపితే విరిగేది సిలోన్ రకం. కూరలో వేసే ముక్కకు ఈ భయం లేదు, రోజూ తాగే పొడికే.

సొరకాయ రసం చేసే ముందు చిన్న ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారెయ్యాలి. 2010లో ఢిల్లీలో షుగరు ఉన్న ఒక శాస్త్రవేత్త చనిపోయింది చేదు సొరకాయ, కాకర కలిపిన రసం తాగే. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు చెప్పిన మాటా ఇదే: రుచి చూడండి, వేరే రసాలతో కలపకండి. కాకర కలిపితే ఏ చేదు ఎవరిదో తెలియదు. తాగాక వాంతులు, రక్త విరేచనాలు వస్తే ఆ క్షణమే ఆసుపత్రికి.

తిప్పతీగ కషాయం నెలల తరబడి తాగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు బయటపెట్టారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే ఆపండి.

బిళ్లగన్నేరు ఆకు పరగడుపున నమిలే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. క్యాన్సరుకిచ్చే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఈ మొక్క నుంచే తీస్తారు. నరాలను, తెల్ల కణాలను దెబ్బతీసే పదార్థాలవి. షుగరుతో అరికాళ్లు ఇప్పటికే మొద్దుబారిన మనిషికి ఈ ఆకు ఎందుకు? పేరు పోలికతో గన్నేరు, పచ్చగన్నేరు ఆకు కోసుకొస్తే ఇంకా ప్రమాదం. అవి గుండె లయనే చెడగొడతాయి. కాయకు, పువ్వుకు, ఆకుకు దేనికీ మినహాయింపు లేదు.

ఇంకా

అతిమధురం కషాయం బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. గుండె జబ్బు ఉన్నవారు ముట్టొద్దు.

రక్తం పలచబడేందుకు వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవారు ఆకుకూర మానక్కర్లేదు. ప్రతి వారం ఒకే మోతాదులో తినాలి. ఈ వారం రోజూ మునగాకు, వచ్చే వారం అసలే లేదు అంటే, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ గాడి తప్పుతుంది.

వెల్లుల్లి, పసుపు, చేపనూనె గొట్టం మాత్రలు మింగుతుంటే పన్ను పీకించుకునే ముందు, ఆపరేషనుకు ముందు డాక్టరుకు చెప్పండి. పన్ను కోసం ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపకండి.

బీట్‌రూట్ రసం బీపీ దించుతుంది. బీపీ మాత్ర వేసుకున్న గంటలోనే తాగి లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి.

కిడ్నీలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరిగినవారికి ఏ ఆకు రసమూ వద్దు.

షుగరుకని చేప పిత్తం మింగొద్దు. కిడ్నీలు పోతాయి.

కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, కావలసిన లైసెన్సు లేని పొడి కొనొద్దు. వాటిలో షుగరు మాత్రలే పొడిచేసి కలిపిన సందర్భాలున్నాయి. షుగరు, బీపీ, గుండెజబ్బు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారమే నిషిద్ధం.

గుండె జబ్బు ఉంటే తెల్లవారుజామున చన్నీళ్లు వద్దు. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగుస్తుంది. గోరువెచ్చటి నీళ్లు పోసుకోండి, వేడిని పాదంతో కాదు, మోచేత్తో చూసుకోండి.

అయ్యప్ప దీక్షలో ఉన్నా సరే, అరికాలికి స్పర్శ తగ్గినవారు ఉత్త కాళ్లతో నడవొద్దు. గురుస్వామితో ముందే మాట్లాడండి. రాత్రి పడుకునే ముందు వేళ్ల సందుల దాకా పాదం చూసుకోండి.

మాత్ర ఆపొద్దు. పండగని ఆపొద్దు, పక్కింటివారికి తగ్గిందని ఆపొద్దు, మీటరులో ఒక మంచి అంకె వచ్చిందని ఆపొద్దు.

స్పృహ లేని మనిషి నోట్లో చక్కెర నీళ్లు పోయొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. వెళ్లేటప్పుడు మందుల చీటీ, ఆ పొడి డబ్బా, తిన్న ఆకైతే దాని కొమ్మ వెంట తీసుకెళ్లి, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.