బుట్ట నుంచి మడికి: సభ్యుల చందాతో నడిచే సేంద్రియ కూరగాయల తోట

పంట వేయకముందే సభ్యుల దగ్గర చందా తీసుకుని, కాపు మొదలయ్యాక వారానికో బుట్ట ఇవ్వడం ఈ పద్ధతి. ఇందులో కూరగాయలు పండించడం కన్నా, ఏ వారమూ ఖాళీ పడకుండా పండించడం కష్టం. ఒక వారం బీన్స్ కుప్పలు పడి, తర్వాత మూడు వారాలు చేను బోసిగా ఉంటే టోకున అమ్ముకునేవాళ్లు ఎలాగో గట్టెక్కుతారు. ఇక్కడ మాత్రం సభ్యులు మరుసటి ఏడాది చందా కట్టరు. అందుకే లెక్కను బుట్ట దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుచుకుంటూ మడి దాకా రావాలి.

నలుగురున్న ఇంటికి వారానికి 5 నుంచి 6 కిలోలు, ఏడెనిమిది రకాలు చాలు. రెండు ఆకుకూరలు, రెండు మూడు కాయ రకాలు, ఒక దుంప, ఉల్లి, గుమ్మడి లాంటి నిలవుండేది ఒకటి, ఒక కట్ట కొత్తిమీరో పుదీనానో. ఆకుకూరలు త్వరగా చేతికొస్తాయని నాలుగైదు రకాలు కుక్కేయకండి. వాడలేక పారేయాల్సి వస్తే సభ్యులకు ఉసూరుమనిపిస్తుంది, మానేసేవాళ్లలో చాలామంది అక్కడే మానేస్తారు.

లెక్క ఎలాగో చిన్న గుండ్రటి ఎర్ర ముల్లంగితో చూద్దాం. 30 మంది సభ్యులు, కట్టకు 8 చొప్పున 240 కావాలి. మొలవనివి, పగిలినవి, పురుగు పట్టినవి పోతాయి కాబట్టి మూడో వంతు కలిపి 320 విత్తాలి. 75 సెంటీమీటర్ల వెడల్పు మడిలో నాలుగు సాళ్లు, సాలులో 5 సెంటీమీటర్లకో గింజ వేస్తే మీటరుకు 80 మొక్కలు. అంటే వారానికి 4 మీటర్ల మడి. ఈ ముల్లంగి 25 నుంచి 30 రోజుల్లో వస్తుంది కాబట్టి వేర్వేరు వయసుల్లో అలాంటి ముక్కలు నాలుగైదు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. ప్రతి పంటకూ ఇలాగే వేసుకోండి. మీ మడిలో మీటరుకు ఎన్ని కిలోలు వచ్చిందో కోసిన ప్రతిసారీ రాసిపెట్టుకుంటే, రెండో ఏడాదికి ఏ పుస్తకంలో అంకెలూ అంతగా పనికిరావు.

విత్తే ఎడం పంటను బట్టి ఉంటుంది. ముల్లంగి, కొత్తిమీర వారం పది రోజులకోసారి. పొద బీన్స్ రెండు మూడు వారాలకోసారి, ఎందుకంటే ఒక విడత దాదాపు అంతే కాలం కాస్తుంది. కీరా దోస నెలకోసారి. క్యారెట్‌ను నారు పోసి నాటొద్దు, వేరు చీలిపోతుంది. ఇంకో మెలిక ఉంది: వాతావరణం చల్లబడుతున్న రోజుల్లో వారం తేడాతో విత్తినవి రెండు వారాల తేడాతో చేతికొస్తాయి, కాబట్టి ఎడం తగ్గించాలి. వేడెక్కుతున్నప్పుడు వెనక విత్తినవి ముందువాటిని అందుకుని రెండూ కలిసి కోతకొస్తాయి, అప్పుడు ఎడం పెంచాలి.

మొదటి ఏడాది నేల 30 మందికి సరిపోతుందని తేలితే 20 మందినే చేర్చుకోండి. మిగిలింది విడిగా అమ్ముకోవచ్చు. తక్కువ పడితే బయట కొని బుట్ట నింపాలనిపిస్తుంది. చెప్పకుండా ఆ పని ఒక్కసారి చేసినా తెలిసిన రోజున నమ్మకం పోతుంది.

చందా నిర్ణయించడానికి విత్తనం, ఎరువు, నీరు, కూలి, రవాణా, మరమ్మతులతో పాటు మీ జీతం కూడా కలిపి సభ్యుల సంఖ్యతో భాగించాలి. సొంత కష్టాన్ని లెక్కలో వేయని తోటలు ఎక్కువ కాలం నిలవవు. వచ్చిన డబ్బులోంచి విత్తనానికి, ఎరువుకు, డ్రిప్పుకు ముందు తీసి, మిగతాది వారాల లెక్కన పంచి పక్కన పెట్టండి. ఎన్ని వారాలు ఇస్తారు, పంట పోతే ఏమవుతుంది, బుట్ట తీసుకోకపోతే అది ఎవరిది అనే మూడూ కాగితం మీద ఉండాలి.

నేల సంగతి. మాగిన కంపోస్టు మడి మీద 2 సెంటీమీటర్ల మందాన పరిస్తే 75 సెంటీమీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవున్న మడికి ఘనపు మీటరులో పావు వంతు కన్నా కాస్త తక్కువ పడుతుంది. పచ్చి పేడ వేస్తే, అమెరికా సేంద్రియ ప్రమాణాల ప్రకారం నేలను తాకే పంటలకు కోతకు 120 రోజుల ముందే వేసి కలియదున్నాలి, రోగకారక క్రిములు కూరకు అంటకుండా. విత్తడానికి 10 నుంచి 14 రోజుల ముందు మడికి తడి ఇచ్చి, కలుపు మొలిచాక పైపైన 2 సెంటీమీటర్లే చెక్కి అప్పుడు విత్తండి. లోతుగా తవ్వితే అడుగునున్న కలుపు గింజలు కొత్తగా పైకొస్తాయి. క్యాబేజీకి పురుగుల వల నాటిన రోజే కప్పాలి, రెక్కల పురుగు గుడ్లు పెట్టాక కప్పితే లద్దెపురుగులకు పందిరి వేసినట్టే. టమాట, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబం, ఒకదాని తర్వాత ఇంకొకటి వేస్తే పంట మార్చినట్టు కాదు. ఆ మడిలో కనీసం మూడేళ్లు ఈ కుటుంబం పంటలు వేయకూడదు.

కోత తెల్లవారుజామున, ఆకుకూరలతో మొదలుపెట్టాలి. కోసిన వెంటనే శుభ్రమైన చల్లటి నీళ్లలో ముంచి వేడి తీసి, నీరు బాగా వడకట్టాలి. తడి మిగిలితే మూటలోనే కుళ్లుతాయి. బీన్స్, బెండ కడగకండి, మచ్చలు పడతాయి. కీరా దోసను 10 డిగ్రీల కన్నా చల్లగా కొన్ని రోజులు ఉంచితే గుంటలు పడి మెత్తబడుతుంది, టమాటను ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుంది. బుట్టలో బరువైనవి అడుగున, ఆకులు పైన.

బుట్టలు పంచే చోట ఒక ఖాళీ తట్ట పెట్టండి: నచ్చనిది అందులో వేసి, ఇంకొకరు వదిలింది తీసుకుంటారు. సాయంత్రానికి ఆ తట్టలో ఏం మిగిలిందో తూచి రాసుకోండి. వారం వారం అదే కూర మిగులుతుంటే, వచ్చే కాలానికి దాని మడి పొడవు తగ్గించండి.