కొత్త పబ్బులో ముందు హాఫ్ పింటే చెప్పండి

ఇంగ్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లకు ఒక మాట. కొత్త పబ్బుకు వెళ్తే ఎకాఎకిన పింట్ చెప్పేయకండి. పబ్బు ఎలాంటిదో తేల్చుకోవడానికి, పీపాలోంచి చేతి పంపుతో తోడే కాస్క్ ఏల్ అనే బీరు హాఫ్ పింట్, అంటే 284 మిల్లీలీటర్లు, తీసుకోండి. చాలాచోట్ల ముందు ఒక గుక్క రుచి చూస్తామన్నా ఇస్తారు. అది 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఫ్రిజ్ బీరంత చల్లగా లేదని కంగారు పడొద్దు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే వెనిగర్ వాసన కొట్టిందా, పీపా తెరిచి చాలా రోజులైనట్టే. తెరిచాక మూడు రోజుల్లో ఖాళీ అవ్వాలి. అందుకే జనం పల్చగా ఉన్న పబ్బులో ఎనిమిది పంపులు కనబడితే నాకు అనుమానం. మూడే ఉంటే ధైర్యంగా అడుగుతాను.

పాడైందని మర్యాదగా చెప్పి చూడండి. మొహం ముడుచుకోకుండా వేరేది పోసిచ్చారంటే సర్వీసు సంగతి తేలిపోయినట్టే.

తిండికి చిన్న మెనూ ఉన్న చోటే నయం. సండే రోస్ట్, అంటే ఆదివారం పెట్టే కాల్చిన మాంసం భోజనం, తీసుకుంటే దాంతో ఇచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్ అనే పొంగిన పిండివంట అంచు కరకరలాడాలి, గ్రేవీ పొగలు కక్కాలి.

పబ్బు లోపలి వాతావరణం ఎలా ఉందో చూడాలంటే మాత్రం శనివారం వద్దు, మంగళవారం సాయంత్రం వెళ్లండి. ఆ రోజు కూడా బార్ దగ్గర నలుగురు పెద్దవాళ్లు నిలబడి కబుర్లాడుకుంటుంటే, పక్కనే చోటు చూసుకుని కూర్చోండి.