కర్రీ పాయింట్ పెడుతున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందే ఇవి చూసుకోండి

కర్రీ పాయింట్ పెడతామని ఎవరైనా సలహాకి వస్తే నేను ముందు అడిగేది ఒకటే: షాపుకి బాత్రూమ్ ఉందా? మాస్టర్ జీతం, కూరల రేట్లు అడుగుదామని వచ్చినవాళ్ళు నవ్వుతారు. విజయవాడలో ఒక సందులో ఒక్క షట్టర్ గదిలో వెజ్ కూరలు అమ్ముకునేదాన్ని నేను. ఈ పనిలో ఒళ్ళు ఎలా ఉంటుందన్నది చాలావరకు షాపు తీసుకున్నరోజే తేలిపోతుంది. ఆ తర్వాత ఎంత వాకింగ్ చేసినా సగమే ఉపయోగం.

ఒక్క షట్టర్ గదుల్లో చాలావాటికి బాత్రూమ్ ఉండదు. "పక్క కాంప్లెక్స్‌లో ఉందిగా అమ్మా" అంటారు ఓనర్లు. మధ్యాహ్నం పన్నెండున్నరకి కౌంటర్ ముందు జనాన్ని వదిలేసి పక్క కాంప్లెక్స్‌కి ఎవరు వెళ్తారు? అందుకని ఆడవాళ్ళం పొద్దున్నుంచే నీళ్ళు తాగడం మానేస్తాం. అసలే బెజవాడ ఎండ, దానికి పొయ్యి సెగ. నీళ్ళు కూడా లేకపోతే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, కొందరికి కిడ్నీలో రాళ్ళు. అద్దె కొంచెం ఎక్కువైనా సరే, తాళం మీ చేతిలో ఉండే బాత్రూమ్ ఉన్న గదే తీసుకోండి. దొరక్కపోతే దగ్గర్లో ఒక ఇంటివాళ్ళతో నెలకి ఇంత అని మాట్లాడుకోండి. మొహమాటం వద్దు, డబ్బులిచ్చి వాడుకుంటున్నారు. నీళ్ళు సరిపోతున్నాయో లేదో మూత్రం రంగే చెబుతుంది: ముదురు పసుపు వస్తే సరిపోవడం లేదన్నట్టు. ఏప్రిల్, మే నెలల్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు కౌంటర్ సొరుగులో ఉంచండి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి తాగండి.

తర్వాత పొయ్యి ఎత్తు. ఇంట్లో గట్టు ఎత్తుకే ఇక్కడా కట్టిస్తారు మేస్త్రీలు. దాని మీద పెద్ద సాంబారు గిన్నె పెడితే అంచు ఛాతీ దాకా వస్తుంది. గరిటె తిప్పాలంటే భుజం పైకి లేస్తుంది, రాత్రికి మెడ పట్టేస్తుంది. పెద్ద గిన్నెల పొయ్యి కిందికి ఉండాలి, గిన్నె అంచు మీ మోచేతి కంటే కాస్త తక్కువలో. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పోపు వేసే పొయ్యి వెనకాలే పెట్టించండి, గది మూలన పెడితే పొగంతా మీ ముఖం మీదుగా వెళ్తుంది. హోటల్ సిలిండర్‌లో గ్యాసే 19 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు రెట్టింపు. దాన్ని ఎత్తకండి, చక్రాల స్టాండ్ కొనుక్కోండి.

కౌంటర్ దగ్గర ఒక ఎత్తు స్టూలు పెట్టండి. యజమాని కూర్చుంటే గిరాకీ పోతుందని మా అత్తగారు అనేవారు. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలని 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టం చేశాయి. ఓనరమ్మకి ఏ చట్టమూ లేదు, మనమే చేసుకోవాలి. సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నా, పిక్కల్లో నరాలు ఉబ్బి కనిపిస్తున్నా డాక్టర్‌కి చూపించండి, నొప్పి మాత్రతో నెట్టుకురాకండి.

ఇక తిండి. రోజంతా కూరల మధ్యే ఉండి మధ్యాహ్నం మూడున్నరకి మిగిలిన వేపుడుతో తినేది మనమే. పైగా పొద్దున్న ప్రతి గిన్నెలోంచీ ఉప్పు చూస్తాం. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే టీ చెంచాడు కంటే కాస్త తక్కువ. రుచి చూడటానికి అరచేతిలో చుక్క చాలు, గరిటెడు అక్కర్లేదు. షట్టర్ ఎత్తకముందే మీ వంతు పప్పు, ఆకుకూర, పెరుగు డబ్బాలో తీసి పక్కన పెట్టేయండి. అది అమ్మకానికి కాదని పనికుర్రాడికి కూడా చెప్పండి, లేకపోతే పప్పు అయిపోయినరోజు మీ డబ్బానే అమ్మేస్తాడు. తినడానికి పదకొండు గంటలు మంచిది, జనం రాకముందు.

ముప్పై దాటితే బీపీ, షుగర్ పరీక్షలు అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితంగా చేస్తారు. బీపీ 140/90 దగ్గర పదే పదే కనిపిస్తున్నా, పరగడుపు షుగర్ 126 దాటినా "టెన్షన్ వల్లలే" అని వదిలేయకండి.

టెన్షన్ సంగతికొస్తే, నిద్ర చెడగొట్టేది ఎక్కువగా అరువు ఖాతా. రూముల్లో ఉండే కుర్రాళ్ళు నెల ఖాతా అడుగుతారు, ఇవ్వకపోతే గిరాకీ తగ్గుతుంది. ఇవ్వండి, కానీ మనిషికి ఇంత అని హద్దు పెట్టి, గోడ మీద రాసేయండి. అప్పుడు కాదని చెప్పేది మీరు కాదు, గోడ. రాత్రి లెక్క షాపులోనే ముగించండి. పుస్తకం ఇంటికి వెళ్ళకూడదు. డెలివరీ యాప్‌లో ఎవరో "సాంబారు నీళ్ళు" అని రాసినది పడుకునేముందు చదివితే తెల్లవారుజామున మార్కెట్‌కి లేచేదాకా అదే బుర్రలో తిరుగుతుంది, పొద్దున్న టీ తాగాక చదవండి. కాలేశ్వరరావు మార్కెట్‌కి రోజూ మీరే వెళ్ళాలని కూడా లేదు, ఉల్లి, బంగాళాదుంప వారానికొకసారి దింపించుకోవచ్చు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, దేనిమీదా మనసు లేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, పేరు టెలిమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నూనె చిందితే కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్ళు పారనివ్వండి. పేస్టు, ఐసు పెట్టొద్దు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద బీమా (ప్రధానమంత్రి సురక్ష బీమా) ఎలాగూ దొరుకుతుంది, కానీ అది మరణానికి, వైకల్యానికే. ఆసుపత్రి బిల్లుకి వేరే పాలసీ కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి కాస్త తేలికే.

సెలవు ఏ రోజన్నది మీ పుస్తకాన్నే అడగండి. వారంలో ఏ రోజు తక్కువ అమ్ముడవుతుందో చూసి ఆ రోజు మూసేయండి. వెజ్ వాళ్ళకి తరచూ అది ఆదివారమే, ఊరంతా ఆరోజు చికెన్ మీద ఉంటుంది. నెల ఖాతావాళ్ళకి ముందే చెప్పి, షట్టర్ మీద పెయింటుతో రాయించండి. అట్టముక్క వేలాడదీస్తే పెద్ద ఆర్డర్ వచ్చినరోజు మీరే తీసేస్తారు.